భుజం మీద ఎర్ర చుక్క

"మీ ఎండు నెత్తళ్లకి కాళ్లు మొలిచాయండి," అంది ఆ అమ్మాయి.

జూలై నెల. ఫిషింగ్ హార్బర్ మీద తెల్లారినప్పటి నుంచీ చినుకు ఆగలేదు. ఆమె షెడ్డు రేకుల కింద నిలబడి, సీలు వేసిన ప్యాకెట్టు ఒకటి చింపి స్టీలు పళ్లెంలో ఒంపింది. వెండి రంగు నెత్తళ్ల చేపల మధ్యలోంచి రెండు నల్ల పురుగులు బయటికొచ్చి, పళ్లెం అంచు దాకా తీరిగ్గా షికారు చేశాయి.

అప్పలసూరి వాటిని చూశాడు. వెనక నిలబడ్డ వాళ్లమ్మ గంగాలమ్మని చూశాడు. పరువు పోయేలా ఉందని తెలిసిపోయింది.

"అవి మావి కావు," అన్నాడు.

"మరెవరివి?"

"పక్క షెడ్డోలివి. వాన కదేటి, తడిసిపోతామని ఇలగొచ్చీసుంటాయి."

"సీలేసిన ప్యాకెట్లోకా? ఆధార్ కార్డు చూసి రానిచ్చారా?"

గంగాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కన్నతల్లి కూడా నవ్వేసరికి సూరికి ఒళ్లు మండింది.

"ఏటండీ మీరు? పొద్దుపొద్దున్నే వచ్చి మా సరుకుని ఎటకారం సేత్తన్నారు? అసలెవులు మీరు?"

ఆ అమ్మాయి మెడలోని ఐడీ కార్డు పైకెత్తి చూపించింది. "నూకరత్నం. మధురవాడ దాటాక ఇర్రేడియేషన్ ప్లాంటు ఉంది కదా, అక్కడ క్వాలిటీలో పని చేస్తాను. సన్యాసిరాజు గారు పంపించారు."

సన్యాసిరాజు పేరు వినగానే సూరి గొంతు తగ్గింది. గంగాలమ్మ ఎండబెట్టిన చేపలన్నీ అస్సాం వైపు పంపించేది ఆయనే. ఈ వానాకాలంలో వరసగా రెండు లోడ్లు పురుగు పట్టి తిరిగొచ్చాయి. మూడోది కూడా తిరిగొస్తే ఇక మీ షెడ్డు మెట్టెక్కనని మొన్ననే తేల్చి చెప్పి వెళ్లాడు.

"మీరు పురుగుల మందు కొడతారా?" అని అడిగింది నూకరత్నం.

జవాబు గంగాలమ్మ చెప్పింది. "తినీ వాటి మీద మందు కొడతారేటమ్మా? ఎవులి పిల్లలు తింతారో ఏటో! ముప్పయ్యేళ్ల నుండి ఉప్పూ ఎండా తప్ప ఇంకోటి ఎరగం."

అప్పటిదాకా వెటకారంగా ఉన్న ఆ మొహం ఒక్కసారిగా మెత్తబడింది.

"మా అమ్మా ఇదే అంటుందండి. సీతమ్మధారలో గంపెట్టుకుని సేపలమ్ముద్ది," అంది. ఆఫీసు తెలుగు ఎక్కడో జారిపోయి, జాలరిపేట తెలుగు బయటపడింది. "అందుకే మీ కాడికి వచ్చేను. మందు కొట్టీవోలికి నాతోటి పనేటుంది?"

"మరి నువ్వేటి సేత్తావు పిల్లా? కరెంటెడతావా?"

"కరెంటు కాదు. మీరెప్పుడన్నా ఎక్స్‌రే తీయించుకున్నారా?"

"నిరుడు దగ్గొచ్చినప్పుడు తీసారు."

"తీసేక మీరు బల్బులాగ ఎలిగేరా?"

"లేదే!"

"మీ నెత్తళ్లూ ఎలగవు. గామా కిరణాలు ప్యాకెట్లోకి దూరి అవతలికి పోతాయి. దార్లో పురుగూ, కంటికి కనపడని గుడ్డూ సచ్చిపోతాయి. సేపలో ఆ కిరణాలేటీ మిగలవు. సీలిప్పక్కర్లేదు, ఉడికించక్కర్లేదు. ఒకటే మాట. సరుకు మంచిదై ఉండాలి. కుళ్లిపోయినదాన్ని బాగుసేసే మంత్రం మా కాడ లేదు."

గంగాలమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "పిల్ల బాగుంది గానీ మొకాన బొట్టు లేదేట్రా?" అని కొడుకు చెవిలో గొణిగింది.

మనవాడికి వినపడలేదు. అప్పటికే అతని చూపు ఆ పిల్ల కళ్ల దగ్గర ఆగిపోయింది. నుదురు దాకా ఎక్కే తీరిక దానికి లేదు.

*

మొదటి శాంపిలుగా నాలుగు చిన్న బాక్సులు బైకు వెనక కట్టుకుని సూరి ప్లాంటుకి బయల్దేరాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎండు చేపలతో పెరిగినవాడు ఎండు చేపల వాసన పోవడానికి సగం సీసా స్ప్రే కొట్టుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను తుమ్మాడు.

లోపల అంతా శుభ్రంగా, ఆసుపత్రిలా ఉంది. ఉంగరాలు తియ్యాలి, గడియారం తియ్యాలి, తలకి టోపీ పెట్టాలి. గాజు వస్తువేదీ గేటు దాటకూడదు. నూకరత్నం బాక్సుల మీద ఒక్కొక్కటిగా గుండ్రటి పసుపు స్టిక్కర్లు అంటించింది. ఒక్కొక్కటీ బొట్టు బిళ్లంత ఉంది.

"ఇదేటండి?"

"మీ బాక్సుకి సాక్షి," అంది నవ్వుతూ. "ఇది ఏం చేస్తుందంటే..."

"రత్నా!"

సూరి తల తిప్పాడు. తెల్లకోటు. ఆరడుగుల మనిషి. నున్నగా గీసుకున్న గడ్డం. నడుస్తూ వస్తుంటే బూట్లు కూడా ఇంగ్లీషులో చప్పుడు చేస్తున్నట్టున్నాయి.

"రత్నా, రేపటి షెడ్యూల్ మెయిల్ పెట్టావా? ఓ, వీరేనా డ్రై ఫిష్? హాయ్, నేను వీరేంద్ర. ఆపరేషన్స్."

చెయ్యి చాచాడు. సూరి షేక్ హ్యాండ్ ఇచ్చాడు గానీ, మనసు మాత్రం ఆ పేరు దగ్గరే చిక్కుకుపోయింది. రత్నా! తల్లి నూకాలమ్మకి మొక్కి పెట్టుకున్న నిండు పేరుని సగానికి కోసి, ఆ సగాన్ని అంత ముద్దుగా పిలవడానికి ఈయనెవరు?

వీరేంద్ర వెళ్లిపోయాక ఆమె పసుపు స్టిక్కరు గురించి మూడు నిమిషాలు వివరంగా చెప్పింది. సూరి తలూపాడు. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. "అర్థమైందా?" అని ఆమె అడిగితే, "ఆయన మిమ్మల్ని రోజూ అలగే పిలుత్తాడా?" అన్నాడు.

"ఎవరు?"

"ఊరికే అడిగేను."

మర్నాడు బాక్సులు తీసుకోవడానికి వెళ్తే వాటి మీద స్టిక్కర్లు లేవు. పీకి రిజిస్టర్లో అంటించేశామని చెప్పింది. అంటించుకుంటే అంటించుకోనీ, స్టిక్కర్లతో తనకేం పని అనుకున్నాడు. ఈ కథంతా ఆ ఒక్క నిర్లక్ష్యం వల్ల వచ్చిందే.

వారానికో శాంపిలు. ఆరు వారాలు. మొదటి వారం బాక్సు నాలుగో వారంలో విప్పితే ఒక్క పురుగు లేదు. పక్కనే పెట్టిన మామూలు బాక్సులో జాతర జరుగుతోంది. గంగాలమ్మ రెంటినీ మార్చి మార్చి చూసి, "ఓలమ్మో!" అని బుగ్గలు నొక్కుకుంది.

అయినా ఆవిడ నోట పెట్టుకోవడానికి సంకోచించింది. దాంతో నూకరత్నం ఆ నెత్తళ్లే ఇంటికి పట్టుకెళ్లి, వాళ్లమ్మ అసిరమ్మ చేత వంకాయ వేసి వండించి, క్యారేజీలో తెచ్చి, గంగాలమ్మ ఎదుటే నాలుగు ముద్దలు తినేసింది. ఐదో ముద్ద గంగాలమ్మ తింది. ఆరో ముద్ద నుంచి క్యారేజీ సూరి చేతిలోకి వచ్చింది.

అప్పటికి వాళ్లిద్దరి మధ్య "గారు" పోయి, "నువ్వు" వచ్చింది. లోకంలో ఇంత రుచైన కూర లేదని సూరి అనుకుంటూనే, పుల్లవిరిచినట్టు అడిగాడు.

"మీ సారుకి కూడా ఎట్టేవా?"

"ఏ సారుకి?"

"అదే, బూట్ల సారుకి."

"ఆయనకెందుకెడతాను?"

"ఊరికే అడిగేను."

నూకరత్నం అతనివైపు వింతగా చూసింది. "నీకు ఊరికే అడగడం ఎక్కువైపోనాది."

నిజమే. ఎక్కువైంది. ఆమె వాట్సాప్ ఫొటోలో తెల్లకోట్ల గుంపు ఉంటే, వీరేంద్ర ఆమెకి ఎన్ని జానల దూరంలో ఉన్నాడో సూరి వేళ్లతో కొలిచాడు. ఆమె ఆన్‌లైన్లో ఉండి జవాబివ్వకపోతే అన్నం సయించేది కాదు. స్నేహితుడు వాసు మందు వెయ్యాల్సింది పోయి ఉప్పు చల్లాడు.

"బావా, తెల్లకోటోడితోటి పోటీ ఏటి నీకు? ఆడు ఏసీలో ఉంటాడు, నువ్వు ఎండలో ఉంటావు. సదూకున్న పిల్ల ఎటెల్తాదో నువ్వే సెప్పు."

"నోర్ముయ్ రా," అన్నాడు సూరి. కానీ ఆ మాట నోరు మూసుకోలేదు. లోపల తొలుస్తూనే ఉంది.

*

ఆగస్టు చివరి మంగళవారం. సూరి ఆఖరి శాంపిలు ఇచ్చి బయటికొచ్చేసరికి సాయంత్రమైంది. ప్లాంటు ముందు బస్సు రాలేదు, వాన మాత్రం వచ్చింది. "నన్ను జాలరిపేటలో దింపుతావా?" అని నూకరత్నం అడిగిన క్షణాన సూరికి ఆ వాన మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేం.

రుషికొండ దిగేసరికి జోరు పెరిగింది. దారి పక్క టీ బడ్డీ చూరు కింద ఆగారు. ఎదురుగా సముద్రం బూడిద రంగులో పొంగుతోంది. ఆమె తడి జడ ముందుకు వేసుకుని పిండుకుంది. సూరి టీ గ్లాసులోకి చూస్తున్నట్టు నటించాడు.

"శుక్రవారం పొద్దున్న నీ పెద్ద లోడు పెట్టించేను," అంది. "ఎనిమిదింటికల్లా రావాలి. మసాలాల కంపెనీ వాళ్లు ఆ స్లాటు అడిగేరు. వీరేంద్ర సార్‌తోటి దెబ్బలాడి మరీ తెచ్చేను. ఎందుకో అడగవా?"

"ఎందుకు?"

"లోడు పురుగు లేకుండా అస్సాం చేరిన రోజున సెప్తాను."

ఆ కళ్లలో ఏముందో టీ బడ్డీ ముసలాయనకి కూడా అర్థమై గ్లాసులు కడగడానికి అటు తిరిగాడు. సూరికి మాత్రం ఆ మాటల్లో ఒకటే వినపడింది. వీరేంద్ర సార్‌తో దెబ్బలాట. చనువు లేనిదే దెబ్బలాట ఉంటుందా?

"ఆయన నువ్వేటడిగినా ఇచ్చీత్తాడేటి?" అన్నాడు.

నూకరత్నం గ్లాసు కింద పెట్టేసింది. "వాన తగ్గింది. పద," అంది. వాన తగ్గలేదు.

*

బుధవారం ఆఖరి శాంపిలు బాక్సులు తెచ్చుకోవాలి. దార్లో సూరి వంద ఒట్లు పెట్టుకున్నాడు. ఈ రోజు ఆ బూట్ల మనిషి ఊసెత్తను. నిన్నటికి సారీ చెప్తాను. వీలైతే ఇంకో మాట కూడా చెప్పేస్తాను.

లోడింగ్ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి లోపలి నుంచి నవ్వులు. ముందు నూకరత్నం బయటికొచ్చింది, కళ్లు తుడుచుకుంటూ, అంతగా నవ్వి. వెనక వీరేంద్ర. అతని తెల్లకోటు మీద, ఎడమ భుజాన, తల వాలిస్తే సరిగ్గా నుదురు తగిలే చోట, గుండ్రంగా ఎర్రటి చుక్క.

బొట్టు బిళ్ల.

హార్బర్లో ఎన్ని పెళ్లిళ్లు చూడలేదు? కొత్త పెళ్లికొడుకుల చొక్కాల మీద ఆ చుక్కలు చూపించి ఎన్నిసార్లు ఆట పట్టించలేదు? దాని అర్థం సూరికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"వచ్చేవా?" అంది నూకరత్నం. నిన్నటి అలక పోయి, మొహం వెలిగిపోతోంది. "బాక్సులు ఇప్పుడే లోపల్నుంచి వచ్చేయి. ఉండు, స్టిక్కర్లు తీసి..."

"అక్కర్లేదు," అని సూరి నాలుగు బాక్సులూ ఒకదాని మీద ఒకటి పెట్టి గుండెలకి హత్తుకున్నాడు.

"స్టిక్కర్లు కావాలి నాకు. రిజిస్టర్లో..."

"మీకు కావలసిన స్టిక్కరు మీ సారు కాడ ఉంది. దాన్ని సూసుకోండి."

వీరేంద్ర అయోమయంగా తన భుజం చూసుకున్నాడు. నూకరత్నం ముఖంలో వెలుగు పోయింది.

"ఏటైంది నీకు?"

"ఏటీ అవలేదు. శుక్రవారం మా లోడు రాదు. మా సేపలు మాకు సాలు. మీ కిరణాలు మీరే ఉంచుకోండి."

"సూరీ, మందు కొట్టకుండా ఆ సరుకు అస్సాం దాకా నిలవదు. ఇది నీ ఒక్కడి కోపంతో పోయేది కాదు. మీ అమ్మ ముప్పయ్యేళ్ల..."

"మా అమ్మ సంగతి మీకెందుకండీ?"

ఆమె అచ్చు పుస్తకంలోంచి చదివినట్టు, "సరేనండి అప్పలసూరి గారూ. తమ ఇష్టం," అంది. నూకరత్నానికి నిజంగా కోపం వస్తే వ్యాకరణం వస్తుందని సూరికి ఆ రోజే తెలిసింది.

దారి పొడవునా వాన. జేబులో ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ కట్ చేసేశాడు. ఏడుపొస్తోందో, వానో తెలియకుండా హెల్మెట్ అద్దం మూసుకున్నాడు.

*

షెడ్డులో వాసు సిద్ధంగా ఉన్నాడు. చేతిలో స్ప్రే పంపు.

"సన్యాసిరాజు ఫోన్ సేసేడు బావా. ఈ లోడు కూడా తిరిగొత్తే ఒప్పుకోనన్నాడు. ఇదిగో మందు. అందరూ కొట్టీదే. మీ అమ్మ సూడకుండా రెండు పిసుకులు పిసికీ, అయిపోద్ది."

సూరి బాక్సుల్ని ఒక్కొక్కటీ భుజానికెత్తి లోపల పెట్టాడు. ఆఖరుది దించాక పంపు చేతిలోకి తీసుకున్నాడు. తేలిగ్గా ఉంది. ఇంతే కదా. కిరణాలూ వద్దు, కళ్లూ వద్దు. రెండు పిసుకులు.

"ఒరే!"

గంగాలమ్మ. కొడుకు చేతిలో పంపు చూసిందనుకుని సూరి దాన్ని వెనక్కి దాచాడు. ఆవిడ చూపు పంపు మీద లేదు. అంతకన్నా పైన ఉంది.

"ఎవుల్దిరా అది?"

"ఏటమ్మా?"

"నీ బుజం మీదది. ఏ పిల్ల తలెట్టింది?"

సూరి తల తిప్పి చూసుకున్నాడు. కొత్త చొక్కా కుడి భుజాన, గుండ్రంగా, ఎర్రగా, బొట్టు బిళ్ల.

వాసు ఈల వేశాడు. "ఓర్నాయనో! ముంగిలాగుంటావు బావా నువ్వు!"

"అమ్మా, నీ మీదొట్టు, నాకేటీ తెలీదు!"

"నా మీదే ఒట్టెయ్యకురా సచ్చినోడా! ఆ పిల్ల మనకి కూర వండించి తెచ్చింది. నువ్వు ఇంకెవుల్నో బుజానికెత్తుకుంతన్నావా?"

"ఎవుల్నీ ఎత్తుకోలేదమ్మా! పొద్దున్నుంచి నాను మోసింది బాక్సులు!"

ఆవిడ నమ్మలేదు. చుక్కని గోటితో పీకి, షెడ్డు స్తంభానికి వేలాడే అద్దం మీద చప్పున అంటించింది. ఆడవాళ్లు రాత్రి పడుకునేముందు బొట్టు తీసి అద్దానికి అంటించినట్టే. "ఇక్కడుంటాది. అది ఎవుల్దో ఆ మనిసి వచ్చి అడిగితే ఇత్తాను."

చెయ్యని తప్పుకి దొరికిపోవడం ఎలా ఉంటుందో సూరికి ఇరవై ఆరేళ్లలో మొదటిసారి తెలిసింది. ఎవరి మీద అరవాలో తెలియక బాక్సుల వైపు తిరిగాడు.

మూడు బాక్సుల మీద ఎర్ర చుక్కలున్నాయి. నాలుగో దాని మీద చుక్క ఊడిన జిగురు గుర్తు ఉంది.

నిన్న నూకరత్నం తన కళ్ల ముందే వీటి మీద అంటించినవి పసుపు స్టిక్కర్లు. సూరి ఒకదాన్ని వేలితో తడిమాడు. అదే స్టిక్కరు. అదే చోటు. పసుపుగా లోపలికెళ్లింది, కిరణాలు తగిలి ఎర్రగా బయటికొచ్చింది. ఆమె ఆ రోజు మూడు నిమిషాలు చెప్పింది ఇదే. తను వినంది ఇదే.

వీరేంద్ర కూడా ఎవరిదో బాక్సు భుజానికెత్తే ఉంటాడు. వాన తేమకి జిగురు వదిలి, చుక్క కోటుకి అంటుకుంది. అంతే. తన భుజం మీద లేని పిల్ల, అతని భుజం మీద ఎక్కడి నుంచి వస్తుంది?

"ఓలమ్మో," అని సూరి నేల మీద కూలబడ్డాడు. "ఎంత మాటన్నానమ్మా ఆ పిల్లని!"

స్ప్రే పంపు వాసు చేతికి తిరిగొచ్చేసింది. సూరి ఫోను తీసి కలిపాడు. ఎత్తలేదు. మళ్లీ కలిపాడు. ఎత్తలేదు. పదోసారికి మెసేజి వచ్చింది.

"అప్పలసూరి గారికి. రిజిస్టరులో నాలుగు స్టిక్కర్లు అతికించవలసి ఉన్నవి. అవి లేనిచో నేను సంజాయిషీ వ్రాసి ఇవ్వవలసి వచ్చును. శుక్రవారం ఉదయం ఎనిమిది గంటలలోగా అందజేయగలరు. తమ స్లాటు వేరొకరికి ఇవ్వబడును. ఇట్లు, నూకరత్నం."

ఇంత వ్యాకరణమంటే ఎంత కోపమో! సూరి దాన్ని పదిసార్లు చదివి, తల్లికి జరిగిందంతా చెప్పేశాడు. అసూయ పడ్డానని కూడా చెప్పాడు. ఆరు వారాలుగా లోపల కుళ్లిపోతున్నానని చెప్పాడు.

గంగాలమ్మ నవ్వలేదు. "సేపకి పట్టిన పురుగుకి ఆ పిల్ల కాడ మందుంది. నీకు పట్టినదానికి నువ్వే సూసుకోవాల. లే, లోడు కట్టు. స్లాటున్నా లేకున్నా ఎల్దాం."

*

శుక్రవారం ఏడున్నరకి లోడు బండి గేటు ముందు ఆగింది. గంగాలమ్మ ఒళ్లో చీర కొంగు కప్పి ఏదో పట్టుకుని దిగింది. సెక్యూరిటీ అతను ఆపాడు.

"అమ్మా, అది గాజు. అద్దాలు లోపలికి పోవు."

"నాను లోపలికి రాను బాబూ. ఆ పిల్లనే ఇక్కడికి రమ్మను."

మూడు స్టిక్కర్లు సూరి జాగ్రత్తగా కవరులో తెచ్చాడు. నాలుగోది అద్దానికి గట్టిగా పట్టేసింది. పీకబోతే అంచు చిరిగింది. చిరిగింది తీసుకెళ్తే ఆ పిల్లకి మాటొస్తుందని, గంగాలమ్మ ఏకంగా అద్దాన్నే స్తంభం మీంచి దించి తెచ్చేసింది.

ముందు వీరేంద్ర వచ్చాడు. మొహానికి రెండు మాస్కులు.

"సూరి గారూ, వచ్చారా! లోడు వస్తుందని ముందే చెప్తే మూడో మాస్కు కూడా తెచ్చుకునేవాణ్ని. మీ చేపల పుణ్యమా అని మా ఆవిడ నన్ను రోజూ పెరట్లో స్నానం చేయించి గానీ ఇంట్లోకి రానివ్వట్లేదు."

"మీ ఆవిడా?" అన్నాడు సూరి.

"మొన్న మీరు నా భుజం చూసి వెళ్లిపోయారే, అప్పుడే అనుకున్నాను. ఇక్కడ చేరిన కొత్తల్లో ఇలాంటి చుక్కతోనే ఇంటికెళ్తే వారం మాట్లాడలేదు ఆవిడ. మొన్న రత్నకి ఆ కథే చెప్తున్నాను, నవ్వలేక చస్తోంది. మీరొచ్చారు. ఎప్పుడో ఒకప్పుడు ఈ చుక్కకి అందరూ దొరుకుతారండీ."

ఆ నవ్వులు అందుకా! సూరికి ఆ బూట్లు మొదటిసారి మంచి మనిషి బూట్లలా కనిపించాయి.

నూకరత్నం వచ్చింది. గొడుగు లేదు. చినుకులో నిటారుగా నిలబడి చెయ్యి చాచింది.

"స్టిక్కర్లు ఇప్పించండి."

సూరి కవరు ఇచ్చాడు. "మూడే ఉన్నాయి. నాలుగోది నా బుజానికి అంటుకుంది. అమ్మ సూసి, ఎవుల్దిరా ఆ బొట్టని సొక్కా పట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు, నాను నిన్నేటన్నానో."

ఆమె పెదవి కొస కదిలింది. అయినా వ్యాకరణం వదల్లేదు. "ఏమి తెలిసినది?"

"నాకు కుళ్లు. ఆయన రత్నా అంటే కుళ్లు. ఫొటోలో నీ పక్కనుంటే కుళ్లు. నువ్వాయన్తో దెబ్బలాడినా కుళ్లే. ఎందుకంటే..." ఒక్కసారి చుట్టూ చూశాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతనూ, వీరేంద్రా, తల్లీ, బండి డ్రైవరూ వింటున్నారు. విననీ. "ఎందుకంటే నువ్వంటే నాకు పాణం. ఇంకెవులి కాడా నవ్వకూడదనిపించీది. అది తప్పు. నీ నవ్వు నీ ఇట్టం. స్లాటు ఇచ్చీసినా పర్లేదు. ఈ మాట సెప్పడానికే వచ్చేను."

"అయితే ఆ సుక్క సూసి నా బొట్టనుకున్నావు," అంది నూకరత్నం. జాలరిపేట తెలుగు తిరిగొచ్చింది. సూరి ప్రాణం కూడా తిరిగొచ్చింది. "రెండు నెలల్నుంచి సూత్తన్నావు కదా నన్ను. నాను ఏ రంగు బొట్టెట్టుకుంటాను?"

సూరి ఎరుపని అనబోయాడు.

"సూడు," అని నుదురు చూపించింది. ఏమీ లేదు. "ప్లాంటులో బిళ్ల పెట్టుకోనివ్వరు. ఊడి సరుకులో పడుద్దని. డ్యూటీ రోజుల్లో ఎప్పుడూ పెట్టుకోలేదు. ఒక్క రోజన్నా సూడలేదా నా మొకం?"

"నాను కళ్ల కాడే ఆగిపోయేను," అన్నాడు సూరి. అది నిజం కాబట్టి అంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

నూకరత్నం తల పక్కకి తిప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి.

"స్లాటు ఎవులికిచ్చేవు?" అని గంగాలమ్మ అడిగింది.

"ఎవులికీ ఇవ్వలేదు. పసుపు స్టిక్కర్లు నిన్నే తీసి పెట్టేను." సూరి వైపు చూడకుండానే అంది. "అస్సాం సేరేక సెప్తానన్న మాట మట్టుకు అస్సాం సేరేకే సెప్తాను. ఈ రెండు రోజులు ఏడిపించినందుకు శిక్ష."

"మరి నాలుగో స్టిక్కరు?" అన్నాడు వీరేంద్ర, రిజిస్టరు పట్టుకుని. గంగాలమ్మ కొంగు తీసి అద్దం చూపించింది. అతను రిజిస్టరునీ అద్దాన్నీ మార్చి మార్చి చూసి, ఫోను బయటికి తీశాడు. "ఫొటో తీసి అంటిస్తాను. ఏం రాయాలో నాకూ తెలీట్లేదు."

ఫొటో అయ్యాక గంగాలమ్మ అద్దం పట్టుకుని నూకరత్నం ఎదురుగా వచ్చి నిలబడింది. అద్దాన్ని కొంచెం పైకెత్తింది. కొంచెం దించింది. ఎర్ర చుక్క వచ్చి అద్దంలోని ఆ పిల్ల నుదుటి మధ్యన, కనుబొమల మీద, సరిగ్గా కుదిరింది.

"ఇది ఎవుల్దో వచ్చి అడిగితే ఇత్తానన్నాను," అంది గంగాలమ్మ. "ఇప్పుడు తెలిసింది ఎవుల్దో. మీ రూలు గేటు లోపలే కదమ్మా. మనం బయటున్నాం."

"అత్తా..." అంది నూకరత్నం. ఇన్నాళ్లూ ఆవిడని ఏమని పిలవాలో తెలియక ఏమీ పిలవని పిల్ల.

సూరి బండి వెనక తలుపు తీసి, మొదటి బాక్సు భుజానికెత్తుకుని, వెనక్కి తిరిగి చూశాడు. చినుకు పడుతోంది. నూకరత్నం అద్దం ముందు కదలకుండా నిలబడి ఉంది. కదిలితే బొట్టు పక్కకి జరిగిపోతుందని.